ముందు బండ పంపండి

మున్సిపల్ కమిషనర్ గారికి,

మీ నోటీసు నిన్న అందింది. తెచ్చిన మనిషి కాలువ అవతలి నుంచే విసిరితే నేను పట్టుకున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళకు అది చిన్న పనేమీ కాదు.

మీవాళ్ళు నా వాకిలి ముందు నడుములోతు కాలువ తవ్వి పందొమ్మిది రోజులైంది. పైన బండ పరచలేదు. ఇంటికి వేరే దారి లేదు. పక్కింటివాళ్ళు వేసిన చెక్క మీద మేకలు దాటుతున్నాయి గానీ నా మోకాళ్ళు దాటడం లేదు. మేస్త్రీ కుళ్ళాయప్పను అడిగాను.

"అవ్వా, నీ ఇల్లు మూడో వార్డులో ఉండాది, కాలువేమో నాలుగో వార్డుది. బండ ఎవురు ఎయ్యల్లో మాకే తెలీదు."

"మరి నేను యాడికన్నా పోవాలంటే ఎట్లప్పా?"

"ఈ ఎండల్లో యాడికి పోతావులే అవ్వా!"

పంచాయతీ ఉన్నప్పుడు వీధిలో నిలబడి సర్పంచిని ఒక కేక వేస్తే సాయంత్రానికి బండ వచ్చేది. ఊరిని మున్సిపాలిటీ చేయమని అర్జీ రాసింది నేనే. బడిలో పౌరశాస్త్రం చెప్పినదాన్ని కదా, నమ్మాను.

ధర్మవరంలో మా చెల్లెలు నీలావతికి శుక్రవారం కంటి ఆపరేషన్. నలభై ఏళ్ళు మగ్గం మీద చూపు అరగదీసుకుంది. "అక్కా, నువ్వు పక్కన లేకుంటే నేను ఆ బల్ల ఎక్కను" అంటోంది.

బండ మంజూరు కావాలంటే నేను స్వయంగా ఆఫీసుకు హాజరై సంతకం చేయాలని మీ నోటీసులో ఉంది. తప్పకుండా వస్తాను. గురువారంలోగా ముందు బండ పంపండి. దాని మీద నడిచి వచ్చి, బండ లేదని సంతకం పెడతాను.

ఇట్లు,
కాలువకు ఇవతలి పౌరురాలు