నిజమా, పరీక్ష కోసమా

మే నెల, గురువారం రాత్రి

అమీర్‌పేట కోచింగ్‌లో ఇవాళ పర్యావరణం పాఠం చెప్పాను. ఈ క్షణం పొగంతా ఆపేసినా, గాల్లో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత వందల ఏళ్లు ఉండిపోతుందని, ఎక్కిన వేడి తొందరగా దిగదని డిక్టేషన్ ఇచ్చాను. ఏటా చెప్పే పరీక్ష బిట్టే.

వ్యవసాయాధికారి పోస్టుకు చదువుతున్న స్రవంతి రాయడం ఆపేసింది.

"సార్, గిది నిజంగనేనా, పరీక్ష కోసమేనా? మా నాయన పొలంల బోరు సుత ఎండింది."

"పరీక్షకు చాలా ముఖ్యం, రాసుకోమ్మా," అన్నాను. క్లాసంతా ఆ వాక్యం కింద గీత గీసుకుంది.

పంజాగుట్టలో మెట్రో దిగి నడుస్తుంటే, చీకటి పడ్డాక కూడా రోడ్డు చెప్పుల్లోంచి కాలుతోంది. స్రవంతికి ఆ పోస్టు తప్పకుండా వస్తుంది, తెలివైన పిల్ల. బోర్లు ఎండిన రైతులు వచ్చి అడిగితే ఏం చెబుతుంది? నేను గీత గీయించిన ఆ వాక్యమేనా...