నాన్న ఓటీ

జూలై 22, మంగళవారం, సాయంత్రం 5

సీటు వచ్చింది. కాకినాడ, కెమికల్ ఇంజనీరింగ్. నేను పెట్టిన మొదటి ఆప్షనే. నాతో ఇంటర్ చదివిన ధరణికీ అక్కడే వచ్చింది. ఆ ఊరు నేను చూడలేదు. కానీ నెల రోజులుగా ఫోన్ మ్యాప్‌లో స్టేషన్ నుంచి కాలేజీ గేటు దాకా రోజూ నడుస్తూనే ఉన్నాను.

అలాట్‌మెంట్ ఆర్డర్ కింద ఇంకో లైను ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్: నాట్ ఎలిజిబుల్. నాన్న ఆదాయం పోయిన ఏడాది రెండు లక్షల అరవై ఒక్క వేలట. రెండున్నర దాటకూడదట. మేం ధనవంతులమని ఇవాళే తెలిసింది.

జూలై 23

నాన్న దాచేపల్లి దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్. ఉత్త జీతమైతే ఏడాదికి రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలే. మిగతాదంతా ఓటీ. నేను ఇంటర్ సెకండియర్‌లోకి వచ్చినప్పటి నుంచి, ఎవరు డ్యూటీకి రాకపోయినా నేనుంటానని ఈయనే చెయ్యెత్తేవాడు. పదహారు గంటలు నిలబడి ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా సిమెంటే. అమ్మ తిట్టేది. ఆ ఓటీ డబ్బులు పిల్ల కాలేజీకే, ముట్టుకోబాకే అనేవాడు.

పిల్ల కాలేజీకి ఆ డబ్బే అడ్డం పడింది. నిన్న ఆర్డర్ చదివి వినిపించాక నాన్న లేచాడు. పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కున్నాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ వెళ్లి కడుక్కున్నాడు.

నాకు చాలా కోపం వచ్చింది. కాసేపు నాన్న మీదే వచ్చింది. ఇది రాయకూడదు, కానీ రాశాను.

జూలై 24

ఆదాయం లెక్క అడగడానికి మా ఊరి సచివాలయానికి వెళ్లాం. వీఆర్వో వెంకట్రామయ్యగారు కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించారు. జీతం వివరాలు కంపెనీ నుంచే ఆన్‌లైన్లో వచ్చేస్తాయట, తన చేతిలో ఏమీ లేదట. నాన్న, ఆ ఓటీ డబ్బులు కంపెనీకి తిరిగి కట్టేస్తానయ్యా, అప్పుడు లెక్క తగ్గుద్దా అని అడిగాడు. నేను నేల వైపు చూశాను. వెంకట్రామయ్యగారు నవ్వలేదు. లేచి నాన్నకి కుర్చీ వేశారు. అట్టా కుదరదు మల్లేశ్వరరావూ, ఈ ఏడు తగ్గించుకో, వచ్చే ఏడు పిల్ల చేత మళ్ళీ అప్లై చేపిద్దాం అన్నారు.

జూలై 25

ధరణి కొత్త బ్యాగు చూపించడానికి వచ్చింది. వాళ్ళ నాన్న పిడుగురాళ్లలో సున్నం బట్టీ దగ్గర కూలికి పోతాడు. దానికి ఫీజు లేదు. రంగు బాగుందే అన్నాను. నన్నూ తీసుకుపోవే అని దాని కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

జూలై 26

రిపోర్ట్ చెయ్యడానికి ఇవాళే ఆఖరు. ఇంటి లోను తీరలేదు కాబట్టి బ్యాంకు ఇంకోటి ఇవ్వనంది. నాన్న తన చీటీని ఇంకా తొమ్మిది నెలలుండగానే నష్టానికి పాడేశాడు. అదీ, ఓటీ డబ్బూ కలిపితే ఫీజూ హాస్టలూ ఒక్క ఏడాదికి సరిపోయాయి. మిగతా మూడేళ్ళు రీయింబర్స్‌మెంట్ రావాలి. అందుకని ఈ ఏడు నాన్న ఓటీ చెయ్యడు. వెళ్తున్నాను. క్లాసులు ఆగస్టు మూడో వారం నుంచి.

ఆగస్టు 9

నాన్న మధ్యాహ్నం రెండున్నరకే ఇంటికొచ్చేస్తున్నాడు. ఆయనకి ఇంట్లో ఉండటం రాదు. మొన్న ఫ్యాన్ విప్పి తుడిచాడు. నిన్న మళ్ళీ అదే ఫ్యాన్ తుడిచాడు. ఇవాళ ఆయనతో పనిచేసే వసీం బాబాయి ఫోన్ చేసి, మనిషి తక్కువయ్యాడు, వస్తావా అని అడిగాడు. వంట్లో బాగాలేదని చెప్పి నాన్న నా వైపు చూశాడు. పక్కింటి రోశమ్మత్త అది విని, నిజమనుకుని మిరియాల చారు పట్టుకొచ్చింది. పాపం, తాగాడు.

సెప్టెంబర్ 14, కాకినాడ

ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకున్న ఫోటో పంపాను. నాన్న దాన్ని ఫ్యాక్టరీలో అందరికీ చూపించాడట.

కోరుకున్నదంతా వచ్చింది. అయినా రెండున్నర అయ్యేసరికి మనసు ఇంటికి పోతుంది. ఇప్పుడు చెప్పులు విప్పుతుంటాడు. ఇప్పుడు మంచం మీద కూర్చుని గోడ చూస్తుంటాడు. పదహారు గంటలు పనిచేసినప్పుడు కూడా నాన్న మీద నాకింత బెంగ లేదు.

అక్టోబర్ 5

అమ్మ ఫోన్. ఈ మనిషి ఇల్లంతా సున్నం కొట్టాడే, ఇంక కొట్టడానికి గోడల్లేవు అంది.

నవంబర్ 11

లెక్క వేశాను. మార్చి దాకా ఇలాగే సాగితే, ఏప్రిల్ నుంచి జూలై దాకా చేసిన ఓటీ కలిపినా రెండు లక్షల నలభై రెండు వేలు దాటదు, రెండున్నర లక్షల లోపే. సెకండియర్ ఖాయం. ధరణికి చెప్తే టీ ఇప్పించింది.

డిసెంబర్ 2

నాన్న ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీలో అందరికీ జీతాలు పెంచారట. నెలకు నాలుగు వేలు, పోయిన ఏప్రిల్ నుంచే లెక్కగట్టి ఇస్తారట. వెనక ఎవరో స్వీట్లు పంచుతూ నాన్నని పిలుస్తున్నారు. ఏమనుకోబాకమ్మా అన్నాడు.