ఎలీషమ్మ సైకిలుకు ఎర్ర బత్తి

షామీర్‌పేట, 1943 జులై

మేడ్చల్‌లో ఉన్న చిన్నాయన పరంజ్యోతి గారికి, మీ అన్న బిడ్డ ఎలీషమ్మ చేతులు జోడించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం, ఒక్క చెయ్యి తప్ప. అది మా ఆయన సాలోమోను పంతులు గారిది. పురుళ్ళ పని కోసం మిషను ఆస్పత్రి దొరసాని ఒక సైకిలు ఇచ్చారు. పంతులు గారు ముచ్చటపడి ఒక్కసారి ఎక్కారు. దిగడం తెలియక బడి గోడను గుద్దుకున్నారు. కుడి చెయ్యి విరిగింది. కట్టు కట్టాను.

అసలు సంగతి వినండి. మొన్న పొద్దుగూకే వేళ అలియాబాద్ నుంచి వస్తుంటే వెనక నుంచి మిలిటరీ లారీ రాసుకుంటూ పోయింది. సైకిలు, నేను, మందుల పెట్టె, అందరం కాలువలో పడ్డాం. డ్రైవరు తల బయట పెట్టి "యెనక బత్తి లేకుంటె నేనేమన్న కల గంటనా?" అన్నాడు. కోపం వచ్చింది గాని మాట నిజమే. వెనక దీపం పెట్టేదాకా చీకట్లో సైకిలెక్కొద్దని దొరసాని గట్టిగా చెప్పారు. పిల్లలు పొద్దు చూసుకుని పుట్టరు కదా! ఎర్ర అద్దం ఉన్న చిన్న కిరసనాయిలు దీపం సంపాదించాను. బిగించే పట్టీ మాత్రం ఎక్కడా లేదు, ఇనుమంతా యుద్ధానికి పోయిందట. రైలు గార్డుగా చేసిన మీకంటే వెనక దీపం సంగతి ఎవరికి తెలుసు? ఎక్కడ, ఎలా బిగించాలో రాయండి.

మీ బిడ్డ,
ఎలీషమ్మ

తా.క.: సాయమ్మ చిన్నమ్మ భయపడుతుందేమో, కాలువలో నీళ్ళు లేవని చెప్పండి. బురదే ఉంది.

———

మేడ్చల్

బిడ్డ ఎలీషమ్మకు చిన్నాయన దీవెనలు.

ఉత్తరం అందింది. మొదటి మాటలు నీవి, "అసలు సంగతి" నుంచి అల్లుడివి అని చదవగానే పట్టాను. చెయ్యి విరిగినవాడు చెప్తుంటే నువ్వు రాశావు. విరిగిన చేత్తోనే మళ్ళీ సైకిలెక్కాడంటే సాలోమోను గట్టి మనిషే. ఇన్నాళ్ళూ మెత్తనివాడనుకున్నాను.

చివరి పెట్టెకు ఎర్ర దీపం కనపడనిదే నేను ఏనాడూ పచ్చ జెండా ఊపలేదు. కాబట్టి జాగ్రత్తగా వినమను. సీటు కింద నిలువు గొట్టం ఉంటుంది. దీపాన్ని దానికి తీగతో బిగించాలి. ఇంకెక్కడా వద్దు.

మీ మేలు కోరే
పరంజ్యోతి

తా.క.: మీ చిన్నమ్మ "గా పోరే తొక్కుతాందేమో" అంటోంది. సర్వీసులో ఇన్ని స్టేషన్లు చూశాను, ఆడమనిషి సైకిలు తొక్కడం ఎక్కడా చూడలేదని చెప్పి ఊరుకోబెట్టాను.

———

షామీర్‌పేట

చిన్నాయన గారికి వందనాలు.

మీరు చెప్పినట్టే సీటు కింద బిగించాను. చీర కొంగు దీపం మీద పడి దీపం కనపడకుండా పోయింది. ఆ తర్వాత కొంగే దీపంలా వెలిగింది! వెనక నడిచి వస్తున్న మా ఊరి కుర్మయ్య "అమ్మా, కొంగు అంటుకున్నది!" అని అరవబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఇంకా తొక్కుతూనే ఉండేదాన్ని.

చిన్నాయనా, మీరు పొరబడ్డారు. సైకిలు తొక్కేది నేనే. పురుళ్ళు పోసేదీ నేనే. నెలలు నిండినవాళ్ళు చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వేరే చోటు చెప్పండి, జల్దీ.

ఎలీషమ్మ

తా.క.: కాలింది నీలం చీర, మీరు కొనిపెట్టిందే. మాసిక వేశాను, బాధపడకండి.

———

మేడ్చల్

బిడ్డా,

నీ ఉత్తరం, అంటే అల్లుడి ఉత్తరం, చదివి నాకు అన్నం సహించలేదు. "తొక్కేది నేనే" అని అంత గట్టిగా చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది? ఇంకెవరు తొక్కుతారు? అది పోనీ. చీర ఎందుకు కట్టాడు? ఒంటి చేత్తో ధోవతి కట్టుకోలేక నీ చీర చుట్టుకున్నాడని సర్దిచెప్పుకున్నాను. ఇంట్లో అయితే సరే, రోడ్డు మీద వద్దని చెప్పు. నేను పెట్టిన నీలం చీర అసలే వద్దు.

పురుళ్ళు పోయడం నీ పని. బడి పంతులు అందులో చెయ్యి పెడుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటున్నారా?

దీపం క్యారియరు చివర పెట్టమను. కుదరకపోతే మడ్గార్డుకు.

దిగులుతో,
పరంజ్యోతి

తా.క.: మీ చిన్నమ్మ ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. ఆమెకు కూడా ఏదో అయింది.

———

షామీర్‌పేట

చిన్నాయనా,

నేను ఎలీషమ్మను. మళ్ళీ చెప్తున్నాను, నేను ఎలీషమ్మనే. ఈ ఉత్తరం నాకు ఎవరూ చెప్పడం లేదు.

క్యారియరు మీద మందుల పెట్టె ఉంటుంది, దాని వెనక దీపం పెడితే మొదటి గతుకుకే ఆరిపోయింది. మడ్గార్డుకు కట్టాను. రేకు వంగి టైరును రాసుకుని మేకపిల్ల అరిచినట్టు చప్పుడు చేసింది. బజారు దాటేసరికి నిజం మేకలు నా వెంట పడ్డాయి. జనమంతా నిలబడి చూశారు. చూడనీ. నేను వదిలేదాన్ని కాదు.

వెనక చక్రం ఇరుసు నుంచి సీటు దాకా ఏటవాలుగా ఒక కడ్డీ పోతుంది కదా, కుడి వైపుది. ఇప్పుడు దానికి బిగిస్తున్నాను. అక్కడికి కొంగు రాదు, పెట్టె అడ్డం కాదు, రోడ్డు మీద వచ్చేవాళ్ళకు బాగా కనపడుతుంది. కడ్డీతోపాటు దీపం వంగి అద్దానికి మసి పడుతోంది. అందుకని పాత బొక్కెన పట్టీని రాయి మీద పెట్టి కొట్టి, దీపం నిటారుగా నిలబడేలా వంచుతున్నాను. గతుకులకు అదరకుండా పట్టీ కింద చెప్పు తోలు ముక్క. వేలు ఒకటి నలిగింది గాని పట్టీ మాట వింటోంది.

ఎలీషమ్మ (ఎలీషమ్మే)

తా.క.: ఆయన ఎడమ చేత్తో పప్పు వండారు. ఉప్పు రెండుసార్లు పడింది.

———

మేడ్చల్

బిడ్డా,

ఈ ఉత్తరం అల్లుడి కంట పడనీయకు.

తనే ఎలీషమ్మనని ఒట్టు పెట్టినట్టు రాయించాడంటే, దెబ్బ తగిలింది చేతికి కాదు, తలకు. పైగా వంట కూడా చేస్తున్నాడు! ఎదురు చెప్పకు. ఎలీషమ్మా అని పిలవమంటే పిలువు. సైకిలు దాచిపెట్టు. శనివారం జంగయ్య ఎడ్లబండి కట్టించుకుని వస్తున్నాను.

పరంజ్యోతి

తా.క.: నా గార్డు విజిలు తెస్తున్నాను. అది ఊదితే పరుగెత్తే మనిషి ఎవడైనా నిలబడాల్సిందే.

———

మేడ్చల్

బిడ్డ ఎలీషమ్మకు,

ఇల్లు చేరాను. మోకాలి నొప్పి తగ్గింది. శనివారం నువ్వు హడావిడిలో ఉన్నావు. జరిగింది నా వైపు నుంచి కూడా నువ్వు వినాలి.

పొద్దుగూకే వేళకు బండి పెద్ద రోడ్డెక్కింది. ముందు దూరంగా ఒక సైకిలు పోతోంది. మనిషి పోలిక తెలియడం లేదు, ఎర్ర దీపం మాత్రం తెలుస్తోంది. వణకదు, ఆరదు, దేనికీ అడ్డం పడదు. నా సర్వీసులో అంత నికరంగా పోయే దీపాన్ని రైలుకు కూడా తక్కువే చూశాను. నా మనసు ఉప్పొంగింది.

"జంగయ్యా, చూసినవా? బత్తి పెడితె గట్ల పెట్టాలె! మొగోడంటె గాయనే! మా అల్లుడు పోయి గాయన కాళ్ళు మొక్కాలె" అన్నాను.

"మస్తుగున్నది పటేలా" అన్నాడు జంగయ్య. ఆ మాట పూర్తి కాలేదు, వెనక నుంచి లారీ వచ్చి మా బండి చక్రాన్ని రాసింది. ఎడ్లు బెదిరాయి. జంగయ్య, నేను, మీ చిన్నమ్మ పంపిన సకినాల డబ్బా, అందరం కాలువలో ఉన్నాం.

లారీవాడు ఆగి మరీ తిట్టాడు. "ఏందయ్యా పెద్దమనిషీ, బండి యెనక బత్తేది? గా ముందల సైకిలాయినను జూసి నేర్చుకో!"

జీవితమంతా వెనక దీపం చూసి రైళ్ళు వదిలిన నేను, బండి ఎక్కేటప్పుడు దాని వెనక్కి తిరిగి చూడలేదు. బురదలో కూర్చుని ఏం చేయాలో తోచక విజిలు ఊదాను. ముందున్న ఎర్ర దీపం ఆగింది. సైకిలు తిరిగి మా వైపు వచ్చింది. ఎవరో మహానుభావుడు, దండం పెడదామని చేతులెత్తాను.

"చిన్నాయనా! గీ కాలువల ఏం జేస్తున్నరు?"

అప్పుడు నా ముఖం ఎలా ఉందో నీకే తెలియాలి. మాసిక వేసిన నీలం చీర, క్యారియరు మీద మందుల పెట్టె, నలిగిన వేలికి గుడ్డ. నా మోకాలు తడిమి చూసి "ఇరగలేదు తియ్. రుక్కమ్మకు నొప్పులొస్తున్నయి, మీరు ఇంటికి పోండ్రి" అని మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయావు. దీపం కనుమరుగయ్యే దాకా నేను కాలువలోంచి లేవలేదు. లేవలేక కాదు, చూడబుద్ధయి.

ఇంట్లో అల్లుడు శుభ్రంగా ధోవతిలో ఉన్నాడు. నేను తేరిపార చూస్తుంటే "ఏంది మామా, ధోతి సరిగ లేదా?" అని పాపం అడిగాడు. అతని పప్పు మారు అడిగి తిన్నాను. పొద్దున నువ్వొచ్చి, తల్లీ పిల్లా బాగున్నారని చెప్పాకే నాకు ఊపిరి ఆడింది.

నీ
చిన్నాయన

తా.క.: మన స్టేషను మాస్టరు కొత్త సైకిలు కొన్నాడు. వెనక దీపం ఎక్కడ పెట్టాలని నన్నే అడిగాడు. "నాకు తెల్వదు, షామీర్‌పేటల మా బిడ్డనడుగు" అన్నాను. లోపలి నుంచి విన్న మీ చిన్నమ్మ నాకు జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూసింది.