నర్సుని కూడా మగాణ్ణి చేశాడు

మార్చి 3, సోమవారం
మళ్ళీ తీసిపారేశాడు మా లీడ్. నేను రాసినవన్నీ.
పిల్లల యాప్ — పెద్దయ్యాక ఏమవుతావ్ అని అడిగి ఉద్యోగాల పేర్లు చూపిస్తుంది. జర్మన్‌లో మగ డాక్టర్‌కో మాట, ఆడ డాక్టర్‌కో మాట. మాదాంట్లో డాక్టర్, పైలట్, మెకానిక్ అన్నీ మగ మాటలే. నర్సొక్కటే ఆడ మాట. ఎంత బాగా కుదిరిందో! నేను అన్నిచోట్లా రెండూ పెట్టాను. లీడ్ సురేష్ అన్న: "బటన్‌లో పట్టట్లేదు తల్లీ."
అవును మరి. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికే చోటు చాలదు.

మార్చి 4
లంచ్‌లో, అందరి ముందూ సురేష్ అన్న — "మన తెలుగులో డాక్టరమ్మ వచ్చింది అంటాం, బర్రె వచ్చింది అంటాం, రెంటికీ ఒకటే మాట. ఎవరైనా ఏడ్చారా?" నవ్వులు. నేనూ పళ్ళికిలించాను. ఛీ.

మార్చి 5
"నువ్వేమైనా జర్మన్‌లో ఎమ్మే చేశావా?" మళ్ళీ సురేష్ అన్నే.
చెయ్యలేదు. లైబ్రరీ పుస్తకాలు, యూట్యూబ్, ఈ అమెరికాలో, అల్ఫారెట్టా ట్రాఫిక్‌లో రోజూ గంట. ఎవడూ నేర్పలేదు. మరి జర్మన్ వెర్షన్‌కి ఓకే చెప్పే పని నాకెందుకిచ్చావ్?

మార్చి 6
టెస్టింగ్‌కి జర్మన్ కొలీగ్ హైకె తన కూతుర్ని తెచ్చింది. మియా, ఏడేళ్ళు. పైలట్ దగ్గర వేలు ఆగింది. "ఇది అబ్బాయిలకా?" అని వాళ్ళమ్మని అడిగింది. రెండు మాటలూ ఉన్న నా వెర్షన్ తెరిచిచ్చాను. టక్కున నొక్కింది. మెకానిక్ కూడా.
సురేష్ అన్న: "ఒక్క పిల్లతో ఏం తేలుతుంది?"
ఏమీ తేలదు, ఒప్పుకుంటా. కానీ ఆ వేలు ఆగడం నేను చూశాను.

మార్చి 7
ఫిక్స్ చేశాడట! నర్సుకీ మగ మాటే పెట్టాడు. "ఇప్పుడందరూ ఈక్వల్. హ్యాపీనా?"
నిజంగానే సాయం చేశాననుకుంటున్నాడు. ఒళ్ళు మండేది అందుకే.
సోమవారం రిలీజ్. నా ఓకే లేనిదే కదలదు. వెళ్తూ వెళ్తూ — "నీ హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ నా టేబుల్ మీదే ఉంది, గుర్తుందా?"
గుర్తుంది.

మార్చి 9
అమ్మ ఫోన్. ఆఫీసెలా ఉందే? బానే ఉంది...

మార్చి 10
రిజెక్ట్ కొట్టాను. కారణం రాశాను. రెండు స్క్రీన్‌షాట్లు, నేరుగా ఈ యాప్ చేయిస్తున్న క్లయింట్‌కి. సురేష్ అన్ననీ కాపీలో పెట్టాను — చాటుగా చేసే పని కాదిది.
క్లయింట్ నుంచి ఇంకా జవాబు రాలేదు. సురేష్ అన్న నుంచి మెయిల్ వచ్చింది. పదకొండింటికి మీటింగ్. హెచ్ఆర్ కూడా. విషయం నేనే. కింద ఇంకో లైన్ — "నోట్స్ నువ్వే తీసుకో తల్లీ."
తీసుకుంటా. ఒక్క మాట వదలను.
పది యాభై. వెళ్తున్నా.