మీరు మీట వదిలాక

గ్రీన్‌లాండ్ నీళ్లలో ఉన్న మావారు రోయి గారికి,

మార్యున్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్తయ్య క్షేమం. గొర్రెలు క్షేమం. ఇల్లూ, కప్పు మీద గడ్డీ మీరు వదిలి వెళ్లినట్టే ఉన్నాయి. అక్కడ మీకూ, ఓడలో అందరికీ ఒంట్లో బాగుందని నమ్ముతున్నాను. ఈ వరసలో నా గురించి రాయలేదని మీరు గమనించే ఉంటారు. అది కింద రాస్తాను. ముందు మీ ఉత్తరంలో మీరు అడిగిన వాటికి జవాబులు రాయనివ్వండి. అలా మొదలుపెడితేగాని చెయ్యి సాగేలా లేదు.

హానుస్ గారి ఓడ రేపు మీరున్న చోటికే బయల్దేరుతోంది. ఈ ఉత్తరం వాళ్ల వంటవాడి చేతికి ఇస్తాను. అందగానే నలుగురిలో విప్పకండి. మీ పడక దగ్గరికి తీసుకెళ్లి చదవండి.

బంగాళాదుంపలు తవ్వేశాం. కిందటేటికన్నా చిన్నవిగాని, పుచ్చు లేదు. గొర్రెల్ని కోసి, మాంసం ఎండబెట్టే కొట్టంలో వేలాడదీశాం. ఈసారి గాలి బాగా తగులుతోంది. కొమ్ము విరిగిన మీ పొట్టేల్ని మాత్రం అత్తయ్య కొయ్యనివ్వలేదు. "ఉండనీవే. వాడొచ్చి చూసుకుంటాడుగా వాడి ముద్దుల పొట్టేల్ని. అసలు వాడికన్నా ఇదే నయం, ఇంటిపట్టున ఉంటుంది" అంది. మోకాలు ఎలా ఉందని మీరు అడిగారని చెబితే, "నాతోపాటే ముసలిదైందని రాయి" అంది.

ఇక మీ ఆఖరి ప్రశ్న. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన మంచి కొయ్యని పడవల పాకలో దాచాననీ, దానితో ఊగే తొట్టె చెయ్యమంటావా, కాళ్లున్నది చెయ్యమంటావా అనీ అడిగారు. ఆ వరస నేను చాలాసార్లు చదివాను. దానికి జవాబు రాయాలంటే మనం ఫోన్‌లో మాట్లాడుకున్న ఆ రాత్రి సంగతి చెప్పాలి.

మీకు తెలియంది కాదు. రాత్రి భోజనాలు కాగానే మన ఊళ్లో ప్రతి వంటింట్లో రేడియో ఓడల మాటల దగ్గరికి తిప్పేస్తారు. ఏ ఓడకి ఎంత చేప పడింది, ఎవరి మొగుడు ఏమన్నాడు, ఎవరి పెళ్లాం ఏం సణిగింది, అన్నీ అందరికీ కావాలి. మీరు ఓడ రేడియోలోంచి మన ఇంటి ఫోన్‌కి పిలిచే మాటలన్నీ అందులో వినబడతాయి. అందుకే నాకు మీతో అలా మాట్లాడాలంటే ముచ్చెమటలు పోస్తాయి. ఆ రోజు కూడా ముందే అనుకుని పెట్టుకున్న మాటలు గబగబా అప్పజెప్పాను. "గురువారం తోర్స్‌హావ్న్ పట్నం ఆసుపత్రికి రమ్మన్నారండీ. మీరు కంగారు పడకండి. తర్వాత చెబుతాను. ఓవర్" అన్నాను. ఊరంతా వింటుంటే అంతకన్నా ఏం చెప్పను?

అంతే, మీరు మాట్లాడే గొట్టం మీది మీట నొక్కారు. "నిజమేనా మార్యున్! నిజమేనా!" అని ఒకటే అరుపు. వెనక నుంచి మీవాళ్లందరి కేకలు. ఎవరో గిన్నెలు వాయించారు. మీ కెప్టెన్ గారు గొట్టం లాక్కుని, "ఏమ్మా, మావాడు ఇంక వల ఎక్కడ వేస్తాడో మాకే తెలియదు, తాడు కట్టి ఉంచుతాంలే!" అని నవ్వారు. మీరు మీట నొక్కి పట్టుకున్నంతసేపూ నా మాట మీకు చేరదు కదా. నేను ఇటువైపు "కాదండీ, అది కాదండీ" అంటూనే ఉన్నాను. అది మన వంటింట్లోనే ఉండిపోయింది. మీరు మీట వదిలారు. "సరేనండీ" అన్నాను.

ఏమండీ, బిడ్డ లేదు. తొట్టె ఏదీ వద్దు.

ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా మీకు కాక ఎవరికి రాస్తాను? గొర్రెలు కోసిన రోజు ఒళ్లు కడుక్కుంటుంటే ఎడమ రొమ్ములో, చంక వైపుకి, గట్టిగా ఒకటి చేతికి తగిలింది. బఠాణీకన్నా పెద్దది. నొప్పి లేదు. నొక్కితే కదలదు. మీ పొట్టేల్ని పట్టుకున్నప్పుడు దాని మొండి కొమ్ము గుద్దిందేమో, కమిలి ఉంటుంది, అదే పోతుందిలే అనుకున్నాను. పొట్టేల్ని తిట్టాను కూడా. పోలేదు. మన దీవి డాక్టరు గారు చూసి, నవ్వకుండా, తోర్స్‌హావ్న్ వెళ్లమన్నారు.

అక్కడ రొమ్ముని రెండు పలకల మధ్య నొక్కి ఎక్స్‌రే తీశారు. పిల్లలు పుస్తకంలో పువ్వుని పెట్టి నొక్కుతారే, అలా. తర్వాత లావుపాటి సూది గుచ్చి ముక్క తీశారు. దాన్ని పరీక్షకి కోపెన్‌హాగన్ పంపాలట. పంపుదామంటే పొగమంచు పట్టి విమానం లేవలేదు. మంచు విడిచేదాకా ఎదురుచూడటం తప్ప చేసేది లేకపోయింది.

ఆ ఎదురుచూపు రోజుల్లోనే బిడ్డ బట్టలకని ఉన్ని రావడం మొదలైంది. మీ కేకలు ఊరంతా వింది కదా! మొదట పక్కింటి మాలన్ పిన్ని తెచ్చింది, తెల్లటి గొర్రెపిల్ల ఉన్ని, వేడి పాలమీద మీగడలా ఉంది. "నాలుగేళ్లు మా అందర్నీ కూర్చోబెట్టావు కదే దొంగా!" అని బుగ్గ గిల్లింది. "వాంతులున్నాయా? ముఖం పాలిపోయింది. ఆడపిల్లే, రాసిపెట్టుకో." నేను కాఫీ పోస్తూ ఉండిపోయాను. అల్లికలకి కూడే ఆడవాళ్లంతా తలా ఒక కండె పంపారు. బల్ల మీద తెల్లగా కుప్ప పడింది. కాదని చెబితే, మరి ఆసుపత్రికి ఎందుకని అడుగుతారు. అప్పటికింకా అదేమిటో నాకే తెలియదు.

మంచు విడిచింది. మళ్లీ రమ్మన్నారు. పడవ దిగి ఒక్కదాన్నే వెళ్లాను. డాక్టరు గారు డెన్మార్క్ నుంచి వచ్చినాయన. నా డేనిష్ సంగతి మీకు తెలుసు, బళ్లో ఉన్నన్నాళ్లు నేర్చుకున్నదే. ఆయన కాగితం మీద బొమ్మ గీసి, నెమ్మదిగా చెప్పారు. పక్కన హెర్వర్ అనే నర్సమ్మ మన మాటలో మళ్లీ చెప్పింది. క్యాన్సర్ అంది. నాకు అన్నీ వినబడ్డాయి. ఒక్కటీ లోపలికి పోలేదు. డాక్టరు గారి బూటు లేసు ఒకటి ఊడి ఉంది. తొక్కి పడిపోతారేమో, చెప్పాలి, డేనిష్‌లో ఎలా చెప్పాలి అని అదే ఆలోచిస్తున్నాను. హెర్వర్ నా చెయ్యి పట్టుకుని, "ఏమైనా అడుగుతావామ్మా?" అంది. "మధ్యాహ్నం పడవ దొరుకుతుందా?" అన్నాను. నా నోటికి అదొక్కటే వచ్చింది. చూడండి, ఇరవై ఆరేళ్ల మనిషిని!

మిగిలిన పరీక్షలన్నీ ఆ రోజే చేసిగాని పంపలేదు. రక్తం తీశారు. ఛాతీకి ఎక్స్‌రే, కడుపు మీద చల్లటి జిగురు రాసి కాలేయం చూడటం, గుండెకి తీగలు తగిలించడం. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో ఏమీ కనబడలేదన్నారు. చంకలోకి పాకిందో లేదో మాత్రం కోసి చూస్తేగాని తెలియదట. రొమ్ము మొత్తం తీసేస్తారు. వచ్చే సోమవారం.

"మావారు క్రిస్మస్‌కి వస్తారు. అంతవరకు ఆగకూడదా?" అని అడిగాను. డాక్టరు గారు ఈసారి బొమ్మ గీయలేదు. తల అడ్డంగా ఊపారు. అయినా నేను సరే అనలేదు. ఇంట్లో అడిగి చెబుతానని వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మాలన్ పిన్ని కూర్చుని ఉంది, పిల్లల మేజోళ్ల కొలతలు చెబుతూ. ఆవిడ వెళ్లాక అత్తయ్య తలుపు వేసింది.

"చెప్పు" అంది.

"ఏం చెప్పను అత్తయ్యా?"

"కడుపుతో ఉన్నదాని మొహం నేనెరగనా? ఐదుగుర్ని కన్నాను. ఇది ఆ మొహం కాదు. చెప్పవే."

చెప్పాను. అత్తయ్య అప్పుడు కప్పులో కాఫీ పోస్తోంది. కప్పు నిండింది, సాసరు నిండింది, బల్ల మీద తెల్ల ఉన్ని దాకా పారింది, ఇంకా పోస్తూనే ఉంది. నేనే వెళ్లి చేతిలోంచి కాఫీ కెటిల్ తీసుకున్నాను. అంత కోపదారి మనిషి, మెల్లగా నా చొక్కా గుండీ తీసి, వేలితో తడిమి చూసింది. మీరు వచ్చేదాకా ఆగుదామనుకుంటున్నానని చెప్పేసరికి మాత్రం అసలు అత్తయ్య తిరిగొచ్చింది.

"వాడొచ్చి చూడాలని పొట్టేల్ని ఆపాను. దీన్ని కూడా ఆపుతాననుకున్నావా? వాడికి చూపించడానికి ఇదేమన్నా ముచ్చటా? పొద్దున్నే ఫోన్ చెయ్యి. నువ్వు చెయ్యకపోతే నేను చేస్తాను, నా డేనిష్ వింటే వాళ్లే పరిగెత్తుకుంటూ వస్తారు."

ఫోన్ చేశాను. మిమ్మల్ని అడగకుండా సోమవారానికి సరేనన్నాను. మన పెళ్లయ్యాక మిమ్మల్ని అడగకుండా నేను తేల్చుకున్న పెద్ద విషయం ఇదొక్కటే. కోప్పడకండి.

ఆదివారం మధ్యాహ్నం పడవకి అత్తయ్యా నేనూ వెళతాం. వాళ్లిచ్చిన ఎర్ర సబ్బుతో ముందురోజే తల నుంచి కాలి దాకా రుద్దుకోవాలి. అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా లేవు. కోత అయ్యాక ఎడమచెయ్యి బిగుసుకుపోకుండా ఏం చెయ్యాలో హెర్వర్ ముందే నేర్పింది. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లని పురుగు పాకినట్టు పైకి పాకించాలి. గోడకున్న పళ్లేల గూడు దాటి ఇప్పుడైతే సులువుగా వెళుతోంది. తర్వాత అంత ఎత్తు వెళ్లాలంటే చాలా రోజులు పడుతుందట. ఉంగరం ఇంట్లోనే వదిలి రమ్మన్నారు. వేలి నుంచి ఊడి రాకపోతే సబ్బు రాసి లాగాను. అత్తయ్య తన చిటికెన వేలికి పెట్టుకుని, "తిరిగొచ్చి అడుక్కుని తీసుకో, ఊరికే ఇవ్వను" అంది.

ఇంకొకటి. లోటు కనబడకుండా రవికలో పెట్టుకోవడానికి దూది ఉండ ఇస్తామని హెర్వర్ చెప్పింది. అది విని అత్తయ్య, "దూదా! మన దీవుల్లో ఉన్ని కరువైందా?" అని లేచింది. బల్ల మీది తెల్ల ఉన్నిలో కాఫీ పడని కండెలు ఏరి, సూదులు పట్టుకుంది. ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని అల్లుతోంది, గుండ్రంగా, చిన్న టోపీలా. చూసినవాళ్లు పసిబిడ్డకనే అనుకుంటారు. మాలన్ పిన్ని నిన్న కిటికీలోంచి చూసి చెయ్యి ఊపి వెళ్లింది.

ఇక అసలు చెప్పుకోవలసింది మిగిలింది. మీరు రెండోసారి పిలిచి, "డాక్టరు ఏమన్నాడు, అంతా బాగుందా?" అని అడిగినప్పుడు, "బాగుందండీ" అన్నాను. ఆ పాటికి నాకు తెలుసు. ఆ రోజే తెలిసింది. ఊరు వింటోందని అలా అన్నానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. మీ గొంతులో ఆ సంతోషం మళ్లీ ఒకసారి వినాలనిపించింది. ఈసారి మీరు మీట నొక్కి ఉంచినంతసేపు, కాదు కాదు అనడం మానేసి, నేను కూడా మీతోపాటు నమ్మాను. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని విన్నాను. మీ దగ్గర ఆ బిడ్డని ఉంచి, ఇప్పుడు నేనే లాక్కుంటున్నాను. దానికి నన్ను ఏమన్నా అనండి.

నాకు భయంగా ఉందండీ. చావుభయం సరే, ఎవరికైనా ఉండేదే. మీరు వచ్చిన రోజు రేవులో మీ ఎదురుగా ఎలా నిలబడాలో తెలియడం లేదు.

ఈ ఉత్తరం మీకు అందేసరికి సోమవారం దాటిపోతుంది. మీరు ఓడ వదిలి రాలేరని నాకు తెలుసు, రమ్మని అడగను. ఒక్కటే కోరతాను. ఆసుపత్రి నుంచి నన్ను ఇంటికి పంపాక, ఎప్పటిలాగే రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌కి పిలవండి. మాలన్ పిన్ని వింటుంది, అల్లికలవాళ్లు వింటారు, మీ కెప్టెన్ గారు వింటారు. విననివ్వండి. ఈసారి అప్పజెప్పడానికి మాటలేవీ కూర్చి పెట్టుకోలేదు. ఎలా ఉన్నావని అడగండి. అడిగి, వెంటనే మీట వదిలెయ్యండి. నేను కాసేపు ఏమీ మాట్లాడకపోయినా మళ్లీ నొక్కకండి. అక్కడే ఉంటాను. చెబుతాను.

ఇట్లు,
మీ మాట కోసం ఫోన్ పక్కనే కూర్చుని ఉండే
మీ భార్య
మార్యున్