జత కుదరని సిలిండర్లు

ఫిబ్రవరి 2, సోమ
అంజయ్య పికప్ మళ్లీ వచ్చింది. పూడూరు నుంచి రెండో గేరులోనే తెచ్చాడట. క్లచ్ పెడల్ దిగబడిపోయింది, పైకి రావడం లేదు. గేర్‌బాక్స్ దగ్గరి కింది సిలిండరు కారుతోంది. క్లచ్ ప్లేటు మార్చి ఆరు నెలలు కాలేదు.
"మల్లేశం బండి ముడ్తలేడు మేస్త్రీ, నేనే నడుపుతున్న. అయినా గేరు కరకరమంటది."
మల్లేశం ఆయన తమ్ముడు. పోయినసారి ప్లేటు కాలినప్పుడు, వాడు క్లచ్ మీద కాలు తీయకుండా నడుపుతాడని నేనే అన్నాను. ఆ సాయంత్రమే అంజయ్య తాళంచెవి లాక్కున్నాడు. ఇప్పుడు వాడు తాండూరులో బండలు పాలిష్ పడుతున్నాడు.

3, మంగళ
తాండూరు. పాత సిలిండరు చూపిస్తే స్పేర్ పార్టుల సేటు అలాంటిదే తీసిచ్చాడు. బోల్టుల రంధ్రాలు అవే. పైపు మూతి అదే. వికారాబాద్ షెడ్డుకు వచ్చి బిగించాను, పైపులో చేరిన ఎయిర్ తీశాను. గేరు పడలేదు.

4, బుధ
ఎయిర్… మళ్లీ ఎయిర్. తొక్కు, పట్టు, వదులు — పొద్దంతా ఇదే. మోచేతుల దాకా ఆయిలు. బుడగ ఒక్కటీ రావడం లేదు, గేరూ పడటం లేదు.
సీట్లోంచి అంజయ్య: "నా కాలు నీ షెడ్డుకే రాసిచ్చినట్టుంది. జర బువ్వకన్న పోనీ."
మళ్లీ బండి కింద దూరాను. కొత్త సామాను వేసినా ఇంతే అయితే ఎవరిని తిట్టాలి?

5, గురు
పెడల్ దగ్గరి పై సిలిండరూ విప్పాను. రెండూ సంచిలో వేసుకుని మళ్లీ తాండూరు. సేటు పైదాని నంబరు చదివాడు. కిందిదాని పిస్టన్‌కు వెర్నియర్ పెట్టి లావు కొలిచాడు.
"పైది గీ బండిదే. కిందిది వేరే మోడల్‌ది, లావున్నది. పైనుంచొచ్చే ఆయిలు దీనికి సాలది. సగమే జరుగుతది. ప్లేటు ఎన్నడూ పూరా వదలదు, రాసుకుని కాలుతది."
"పాతదాన్ని చూసే ఇచ్చినవు కద."
"పాతదే తప్పు. ఎవడు కుదిర్చిండు మేస్త్రీ, గీ సంబంధం?"
నేనే. రెండేళ్ల కిందట. బోల్టులు కలిశాయని బిగించాను. లోపలి కొలత చూడాలని తెలియదు. ఒకరిని అడగడానికి నామోషీ. అప్పటినుంచి రెండు ప్లేట్లు కాలాయి. కాల్చింది మల్లేశం కాలు కాదు.

6, శుక్ర
సరైన జత వేశాను. ఒక్కసారి ఎయిర్ తీస్తే సరిపోయింది. గేరు మెత్తగా పడింది. అంజయ్య స్టేషన్ దాకా నడిపి చూసుకొచ్చాడు.
"మల్లిగాడు చేసిపోయిన ఖరాబంత ఇయ్యాల వదిలింది."
నోరు తెరిచాను… బండి రోడ్డెక్కింది.
ఆయన తొందరలో ఉన్నాడని రాయబోయి కొట్టేశాను. నేనే చెప్పలేదు.

7, శని
పాలిష్ యూనిట్ గేటు దగ్గర మల్లేశం. కనురెప్పల మీద కూడా బండల పొడి. మొత్తం చెప్పాను.
"మూడో గేరు పడ్తలేదని గప్పుడే మొత్తుకున్న. ఇన్నవా?"
వాడు చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు.
"నాకు చెప్తే ఏమొస్తదన్నా? మా అన్నకు చెప్పు."

8, ఆది
పూడూరు. అంజయ్య కందులేసుకుని తాండూరు పోయాడట. ఏమన్నా ఉంటే తనకు చెప్పిపొమ్మంది ఆయన భార్య. ఆయనకే చెప్పాలన్నాను. "ఫోన్ చెయ్యరాదు మరి?" ఫోనులో చెప్పే మాట కాదు.
గడప పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. రెండుసార్లు టీ ఇచ్చింది. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఏదో బండి మలుపు తిరుగుతోంది… గేరు మారింది, కరకర లేదు.