మైలోడి గంటలు

రెంజల్
10 డిసెంబరు 1970

ప్రియమైన బిడ్డ రాధాబాయికి,

బాపు రాసేది. ఇక్కడ నేను, మీ అవ్వ బాగున్నాం. దవాఖానలో రోగులకు తినిపించే హడావిడిలో నువ్వు తినడం మర్చిపోతున్నావని మీ అవ్వకు బెంగ, తల్లి మనసు కదా. నర్సు చదువంటే ఉపవాసాల చదువు కాదని రాయమంది. రాశాను.

ఈ ఏడు చెరుకు బాగా వచ్చింది. చక్కెర కార్ఖానాలో చెరుకు ఆడడం మొదలైన రోజు నుంచీ ముక్తార్ సేటు లారీ నా చేతిలోనే ఉంది. రెంజల్ నుంచి బోధన్‌కు లోడు, ఖాళీ లారీతో వెనక్కి, మళ్లీ లోడు. కోసిన చెరుకు ఎండితే తూకం తగ్గుతుందని రైతులు తొందరపెడతారు. కార్ఖానా గేటు ముందు లారీల వరస కదిలినప్పుడల్లా ముందుకు జరగాలి కనుక అక్కడా కన్ను మూయడానికి లేదు.

నిద్ర సంగతికొస్తే మన ఎద్దుల బండి రోజులే నయం. చెరుకు మీద గొంగడి కప్పుకుని పడుకుంటే ఎద్దులు మైలోడు, కర్రోడు ముందు బండి వెనకే నడిచి నన్ను గేటు దాకా చేర్చేవి. అక్కడ ఎవరూ లేపకుండానే లేచేవాణ్ని. "మీ బాపు పండుకోనే సంసారం నడిపిండు" అని మీ అవ్వ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఒకటి చెప్తాను, నవ్వుకో. మొన్న మధ్యాహ్నం లోడుతో పోతూ మన ఊరి బయటి కాలువ వంతెన ఎప్పుడు దాటానో నాకు తెలియదు. చూస్తే బోధన్ వచ్చేసింది. లారీ కూడా మైలోడి లాగే దారి నేర్చుకుందని సేటు దగ్గరి ఇంకో డ్రైవరు మన్సూర్‌తో అన్నాను. అతను నవ్వలేదు. "గట్ల అనకే అన్నా, నాకు దడ పుడుతది" అన్నాడు. అతనికి అన్నిటికీ దడే.

వేళకు తిను.

నీ బాపు
ఆశన్న


నిజామాబాద్
17 డిసెంబరు 1970

ప్రియమైన బాపుకు,

రాధ దండాలు. నీ ఉత్తరం చదివి నేనూ నవ్వలేదు. మన్సూర్ చాచాకు ఉన్న దడలో సగం నీకుంటే నేను హాయిగా పడుకునేదాన్ని.

నిన్న మా వార్డుకు ఒక లారీ డ్రైవరును తెచ్చారు. రెండు కాళ్లూ విరిగాయి. పట్టపగలు, తిన్నని రోడ్డు మీద పోయి చింతచెట్టును గుద్దాడట. కట్టు కడుతున్నంతసేపూ ఒకటే మాట: "నేను పండుకోలే సిస్టరమ్మా, కండ్లు తెరిచే ఉన్నయి." అబద్ధమాడుతున్నట్టు లేదు. నీకు వంతెన తెలియనట్టే అతనికి చెట్టు తెలియలేదు.

బాపూ, కళ్లు మండినా, దాటిన ఊరు గుర్తు రాకపోయినా లారీ పక్కకు ఆపి కాసేపు పడుకో. చాయ్, బీడీ, మొహం మీద నీళ్లు కాసేపే పనిచేస్తాయి.

ఇంకో మాట. చిన్నప్పుడు బండిలో నీ పక్కన కూర్చుని నేనూ బోధన్ వచ్చేదాన్ని కదా. దారంతా మైలోడి మెడలో గంటలు మోగేవి, గేటు దగ్గర నువ్వు టక్కున లేచి కూర్చునేవాడివి. గంటలే నిన్ను లేపుతాయని నాకు గట్టి నమ్మకం. ఎద్దులను అమ్మినా ఆ గంటల పట్టెడ అవ్వ సందూక పెట్టెలో దాచింది. దాన్ని లారీలో నీ ముందు కట్టుకో. చెవిలో గంటలు మోగుతుంటే కన్ను మూతపడదు. నా మీద ఒట్టు, తప్పకుండా కట్టుకో.

నాకు భయంగా ఉంది. వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా, తెచ్చిన మనిషి మొహం చూసి నువ్వు కాదని తెలిశాకే మళ్లీ పనిలో పడుతున్నాను.

నీ బిడ్డ
రాధ


రెంజల్
2 జనవరి 1971

ప్రియమైన బిడ్డకు,

ఒట్టు పెట్టాక కాదంటానా? గంటలు కట్టాం. మీ అవ్వ వాటిని చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, తన చేత్తోనే అద్దం ముందు వేలాడదీసింది. ముడి వేస్తూ మధ్యలో ఎందుకో ఆగింది. ఏమైందంటే ఏం లేదంది.

నువ్వు చెప్పావని ఒక రోజు లారీ పక్కకు ఆపి పడుకున్నాను కూడా. కానీ బిడ్డా, ఇంజను ఆగితే నాకు నిద్ర రాదు. కళ్లు మూసుకుంటే చాలు, లే లే అని లోపల ఎవరో తడుతున్నట్టు ఉంటుంది. ఆపితే నిద్ర రాదు, నడిపితే నిద్ర ఆగదు. ఇదేం ఖర్మో. అందుకని ఆ ప్రయత్నం మానుకున్నాను.

గంటలతో మాత్రం ప్రాణం నిమ్మళించింది. మైలోడు ముందు నడుస్తున్నట్టే ఉంటుంది. ఇప్పుడు చిరాకు లేదు, మెడనొప్పి తెలియడం లేదు. ఎప్పుడు ఎక్కానో ఎప్పుడు దిగానో అన్నట్టు దారి గడిచిపోతోంది. లారీ ఎడమ పక్క పొడుగునా గీసుకుపోయింది. ఎక్కడ తగిలిందో గుర్తు లేదు. సేటు పెద్దగా ఏమీ అనలేదు.

వచ్చే గురువారం మీ అవ్వ నిన్ను చూడ్డానికి వస్తుంది. నా లారీలో బోధన్ దాకా వచ్చి, అక్కడ బస్సెక్కుతుంది. జొన్నరొట్టెలు, నువ్వుల పొడి తెస్తుంది. బస్టాండుకు రా.

నీ బాపు
ఆశన్న


నిజామాబాద్
6 జనవరి 1971

బాపూ,

ఈ ఉత్తరం అందగానే ముందు లారీ దగ్గరికి వెళ్లి గంటలు విప్పెయ్. మిగతాది తర్వాత చదువు.

విప్పావా? ఇప్పుడు విను. ఇవాళ రెండు డ్యూటీలు ఒకదాని వెంట ఒకటి చేశాను. మధ్యాహ్నం జ్వరంతో ఉన్న ఒక పసిబిడ్డ పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నాను. పైన ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, నేను ఉలిక్కిపడి లేచాను. నా చేతిలో గుడ్డ ఎండిపోయి ఉంది. బిడ్డ ఒళ్లు పెనంలా కాలుతోంది. మా వార్డు శ్యామలమ్మ సిస్టర్ పరిగెత్తుకొచ్చి చూసింది కనుక సరిపోయింది. బిడ్డ ఇప్పుడు బాగుంది.

ఆ చప్పుడు సాగినంతసేపూ పడుకున్నాను, ఆగగానే లేచాను. అప్పుడు నీ బండి గుర్తొచ్చింది. గేటు దగ్గర ఎద్దులు నిలబడితే గంటలు ఆగిపోయేవి కదా బాపూ. నువ్వు లేచింది మోగినందుకు కాదు, ఆగినందుకు. దారంతా ఆ గంటలు నిన్ను పడుకోబెట్టేవి. నేనే మళ్లీ వాటిని తెచ్చి నీ ముందు కట్టించాను. ఒట్టు పెట్టి మరీ కట్టించాను.

రేపే గురువారం. నీ పక్కన అవ్వ కూడా ఉంటుంది. ఈ ఉత్తరాన్ని బోధన్ బస్సు కండక్టర్ చేతికి ఇద్దామని పరిగెత్తాను, చివరి బస్సు వెళ్లిపోయింది. తంతి కొడదామంటే టెలిగ్రాం ఆఫీసు మూసేశారు. పోస్టులో వేస్తున్నాను. రేపటిలోగా చేరదని తెలుసు. అయినా వేస్తున్నాను.

రాధ


రెంజల్
9 జనవరి 1971

నా బంగారు తల్లికి,

తంతి ఇచ్చాం, అందే ఉంటుంది. అయినా ముందు ఈ మాట రాస్తాను. నేను, మీ అవ్వ ఇద్దరం బతికే ఉన్నాం. ఒంటి మీద గీత కూడా పడలేదు. గురువారం బస్టాండులో మీ అవ్వ దిగని బస్సులు చూస్తూ నువ్వు ఏమేం అనుకుని ఉంటావో.

జరిగింది చెప్తాను. లోడు నింపుకుని బయలుదేరాం. మీ అవ్వ రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. ఊరు దాటాక ఏదో అడిగిందట, నేను ఊ అన్నానట. మళ్లీ అడిగితే మళ్లీ ఊ అన్నానట. కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఎదురుగా కాలువ వంతెన, వంతెన మీద ఒక చెరుకు బండి. పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ పిలవని నా పేరు పెట్టి మీ అవ్వ అరిచిందట. నాకు వినపడలేదు.

బండి రోజుల్లో నన్ను దారిలో లేపాలంటే ఆమె అరిచేది కాదు. దిగి వెళ్లి మైలోడి మెడలో గంటలను పిడికిట పట్టుకునేది. ఆ క్షణంలో ఆమె చెయ్యి దానంతటదే పోయి అద్దం ముందున్న గంటలను పట్టుకుంది.

గంటలు ఆగాయి. గేటు వచ్చిందనుకుని లేచాను. గేటు లేదు, బండి ఉంది.

బ్రేకు తొక్కి స్టీరింగు పక్కకు తిప్పాను. లారీ కట్ట దిగి పొలంలో ఒరిగింది, చెరుకంతా జారిపోయింది. బండి మాత్రం అలాగే సాగిపోయింది. చెరుకు మీద గొంగడి కప్పుకుని ఎవరో పడుకుని ఉన్నాడు. అతని ఎద్దుల గంటలు మోగుతూనే ఉన్నాయి, అతను లేవనే లేదు. ఆ గొంగడి కింద ఉన్నది నేనే అనిపించింది. నాకు భయమేసింది బిడ్డా. ఆ భయం ఇంకా పోలేదు, పోకుంటేనే మంచిది.

నీ ఉత్తరం నిన్న అందింది. మీ అవ్వకు చదివి వినిపించాను. "పిల్లను ఏడ్వద్దని రాయి. ముడి ఏసేటప్పుడే నా చెయ్యి ఆగింది. ఎందుకాగిందో గప్పుడు తెల్వకపాయె" అంది.

సేటుకు దాచకుండా అంతా చెప్పాను. పొలంలోంచి లాగించిన లారీని మన్సూర్‌కూ నాకూ కలిపి ఇచ్చాడు. ఒక లోడు అతను, ఒక లోడు నేను. "ఇప్పుడు తెల్సిందా అన్నా, దడ ఎందుకో" అన్నాడు మన్సూర్. తెలిసిందన్నాను. నీకు కళ్లు బరువెక్కితే శ్యామలమ్మ సిస్టర్‌కు చెప్పి పడుకో. సిగ్గుపడకు.

గంటలు విప్పేశాను, కానీ సందూకలో పెట్టనివ్వలేదు మీ అవ్వ. నిన్నటి నుంచి మధ్యాహ్నం సద్ది తీసుకుని వంతెన దగ్గరికి వస్తోంది. లారీ ఆపి, ఇంజను కట్టేసి సీటు మీద ఒరుగుతాను. ఆమె పక్కన కూర్చుని, ఎద్దు నడిచినట్టే మెల్లగా గంటలు ఊపుతుంది. ఆపిన లారీలో నాకు నిద్ర పడుతోంది బిడ్డా. చాలనుకున్నప్పుడు ఆమె ఊపడం మానేస్తుంది.

ఇవాళ గంటలు ఆగగానే ఉలిక్కిపడి బ్రేకు కోసం కాలు చాపాను. ఎదురుగా ఏ బండీ లేదు. మీ అవ్వ గంటలను పిడికిట పట్టుకుని నన్నే చూస్తోంది.

నీ బాపు
ఆశన్న